రాతిలో చేప మెదడు మిగిలిందెలా? దాని వంశం తేల్చేదెలా?

చేప చచ్చాక ముళ్లూ పొలుసులూ మిగిలితే మిగలొచ్చు. మెదడు మిగలడమేమిటి, అదీ 31.9 కోట్ల ఏళ్లు? అయినా అంతరించిపోయిన చేప దేనికి చుట్టమో చెప్పడానికి పుర్రె లోపలికి తొంగిచూడటం ఎందుకు? పైనున్న పొలుసులు చాలవా?

పొలుసుల సంగతి ముందు చూద్దాం. ఒకప్పుడు వాటితోనే సరిపెట్టుకున్నారు. శిలాజ చేపల మీద లూయీ అగస్సీ 1833 నుంచి పదేళ్లపాటు భాగాలు భాగాలుగా ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో చేపలన్నిటినీ పొలుసు తీరును బట్టి నాలుగు వర్గాలు చేశాడు. పొలుసు గట్టిది, రాతిలో బాగా నిలుస్తుంది, పైకి కనబడుతుంది. పని సులువైంది కానీ చిక్కు అక్కడే వచ్చింది. నిగనిగలాడే పూతతో మందంగా ఉండే గానాయిడ్ పొలుసు చాలా పాతకాలపు లక్షణం. తాతముత్తాతల నుంచి వచ్చిన లక్షణం దూరపు చుట్టాలందరిలోనూ కనిపిస్తుంది. దాన్ని బట్టి ఫలానా ఇద్దరు అన్నదమ్ములని తేల్చలేం. మధ్యలో ఎవరి తరంలోనో కొత్తగా పుట్టిన లక్షణం ఇద్దరికీ ఉంటేనే దగ్గరి చుట్టరికానికి రుజువు. వర్గీకరణలో ఇంతకు మించిన సూత్రం లేదు. మరచిపోయేది కూడా ఎక్కువగా దీన్నే.

మన దగ్గరి చేపే ఒకటి ఈ గందరగోళంలో ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట సున్నపురాళ్లలో దొరికిన చేపను 1851లో ఎగర్టన్ లెపిడోటిస్ ప్రజాతిలో చేర్చి, డెక్కనెన్సిస్ అన్నాడు. మందపాటి పొలుసుల చేప ఎక్కడ దొరికినా అదే ప్రజాతిలో వేయడం అప్పట్లో అలవాటు. ఆ జాబితా పెరిగి పెరిగి పెద్ద కలగూరగంప అయింది. చివరికి 2012లో అడ్రియానా లోపెజ్-అర్బరెల్లో పుర్రె ఎముకల వివరాలతో సహా పనికొచ్చే లక్షణాలెన్నో పోల్చి చూసి, ఆ పేరును కొద్ది జాతులకే పరిమితం చేసింది. మిగిలిన వాటిలో చాలావాటికి వేరే ప్రజాతులు చూపాల్సి వచ్చింది.

పుర్రె అంత వివరం ఎలా చెబుతుంది? మార్కెట్లో బంగారుతీగ చేప కనబడితే నోటి అంచు పట్టుకుని మెల్లగా లాగి చూడండి. పై దవడ కూడా గొట్టంలా ముందుకు సాగుతుంది. పాతకాలపు చాలా చేపల్లో ఇది కుదరదు. వాటి పై దవడ ఎముక చెంప ఎముకలకు బిగుసుకుని ఉంటుంది. తర్వాత వచ్చిన వంశాల్లో ఆ ఎముక విడివడింది, మొప్పల మూతలో కొత్త ఎముక చేరింది. మెదడు పెట్టెకు నాడులు బయటికొచ్చే రంధ్రాలు, రక్తనాళాల కాలువలు, లోపలి చెవి గదులు ఉంటాయి. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో ఆధారం. పొలుసు దగ్గర అడగడానికి నాలుగు ప్రశ్నలుంటే పుర్రె దగ్గర వందలుంటాయి.

కానీ మెదడు పెట్టె రాయి లోపల ఉంటుంది. దాన్ని చూసేదెలా? 20వ శతాబ్దం మొదట్లో సొలాస్ అనే శాస్త్రవేత్త ఒక పద్ధతి చూపించాడు. శిలాజాన్ని పొర తర్వాత పొర అరగదీస్తూ, ప్రతి పొరకూ బొమ్మ గీసుకోవాలి. ఆ బొమ్మల్ని బట్టి మైనపు పలకలు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పుర్రె నమూనా తయారుచేయాలి. అద్భుతమైన ఓపిక! ఖరీదు మాత్రం అసలు శిలాజమే. పని పూర్తయ్యేసరికి అది పొడై ఉంటుంది.

ఒక్కటంటే ఒక్కటే ఉన్న శిలాజం విషయంలో అలా చేయడానికి ఎవరికి చేతులొస్తాయి? ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని ఒక బొగ్గుగని పైకప్పు రాతిలో దొరికిన కాకోసెఫాలస్ వైల్డై అలాంటిదే. 1925లో దాన్ని మొదట వర్ణించారు. ఆ జాతికి తెలిసిన నమూనా ఆ పుర్రె ఒక్కటే, అది మాంచెస్టర్ మ్యూజియంలో ఉంటుంది. చేప బతికినప్పుడు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఉండి ఉంటుందని అంచనా. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మ్యాట్ ఫ్రీడ్‌మన్ బృందం దాన్ని సీటీ స్కాన్ చేసింది. ఎక్స్-కిరణాలు రాతిని ఏమీ చేయవు. ఏ పదార్థం ఎంత దట్టంగా ఉందో మాత్రం చెబుతాయి.

వాళ్లు వెతికింది మెదడు పెట్టె ఆకారం కోసం. తెర మీద కనబడింది వేరు. ఖాళీగా ఉండాల్సిన చోట తెల్లగా మెరుస్తూ ఒక ముద్ద ఉంది. మట్టి గడ్డేమో అనుకోవచ్చు. కానీ అది కుడి ఎడమలకు సమానంగా ఉంది, లోపల గుల్ల గదులున్నాయి, దాని నుంచి సన్నని పోగులు బయలుదేరి పుర్రెలోని రంధ్రాల వైపు వెళ్తున్నాయి. మట్టి గడ్డకు నాడులుండవు! అది అంగుళం పొడవున్న మెదడు, దాని కపాల నాడులు.

ఎలా మిగిలింది? ఆక్సిజన్ అంతగా లేని బురదలో చేప త్వరగా కప్పబడి ఉండాలి. మూసుకున్న పుర్రె లోపల కుళ్లడం నెమ్మదించి, మెదడు కణజాలం పూర్తిగా పోకముందే దాని స్థానంలో దట్టమైన ఖనిజం చేరింది. అంటే ఇప్పుడున్నది మెదడు ఆకారమే, మాంసం కాదు.

రోడ్రిగో ఫిగెరోవా, ఫ్రీడ్‌మన్‌ తదితరులు 2023లో నేచర్ పత్రికలో దీన్ని ప్రకటించారు. అసలు విశేషం ముందు మెదడు మడతలో ఉంది. తమలపాకు అంచుల్ని పైకెత్తి లోపలికి చుడితే ఒక ఆకారం, బయటికి మడిస్తే ఇంకొకటి. మనిషిలో ముందు మెదడు గోడలు మొదటి తీరులో లోపలి గదిని చుట్టుకుని ఉంటాయి. ఈనాడు బతికున్న కిరణవాజ చేపల్లో, అంటే రెక్కలకు సన్నని ముళ్ల ఆధారం ఉండే సుమారు 30,000 జాతుల్లో, అవి బయటికి మడతపడతాయి. మన బంగారుతీగ నుంచి ఆఫ్రికా నదుల్లోని బిషిర్ దాకా అంతే. కాకోసెఫాలస్‌ది మాత్రం లోపలి మడత.

ఇక్కడ పాత సూత్రం మళ్లీ అక్కరకొస్తుంది. బయటి మడత కొత్త లక్షణం. అది నేటి కిరణవాజ చేపలన్నిటిలో ఉందంటే వాటి ఉమ్మడి పూర్వీకుడిలోనే వచ్చి ఉండాలి. కాకోసెఫాలస్‌లో లేదు కనుక, అది ఆ పూర్వీకుడికి ముందే విడిపోయిన పక్క కొమ్మ అనుకోవడం సబబు. దాని లోపలి మడతను చూసి మనకు దగ్గరి చుట్టమంటే పొలుసుల నాటి పొరపాటే మళ్లీ చేసినట్టు. ఎందుకంటే అది పాత లక్షణం.

ఇంతా చేసి ఇది ఒక్క పుర్రె. వంశవృక్షంలో దాని చోటు గట్టిపడాలంటే ఆ కాలపు మెదళ్లు మరిన్ని దొరకాలి. మ్యూజియం అరల్లో ఇప్పటిదాకా స్కాన్ చేయని చేప పుర్రెలు చాలానే ఉన్నాయి, ముందు వెతకాల్సింది అక్కడే.