టాటానగర్ బడులలో సంక్రాంతి పాట

టాటానగర్ ప్రాథమిక పాఠశాలలలో సంగీతం నేర్పే ఉపాధ్యాయులకు డిసెంబరు తీరిక లేని నెల. క్రిస్మస్ సెలవులకు ముందే పాటల అభ్యాసం ముగియాలి. సెలవులు గడచి బడి తెరిచేసరికి మకర సంక్రాంతి వాకిట నిలిచి ఉంటుంది. తరగతిలోని పిల్లల ఇండ్లలో సంతాలీ, హో, కుడ్మాలీ, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురీ, పంజాబీ, తెలుగు వినిపిస్తుంటాయి. ఈ పిల్లలందరిచేత ఏ పాట పాడించాలి? అందరికీ తెలిసిన ఒక సినిమా బాణీలో హిందీ గీతం పాడించి ఊరుకోవడం సులభమైన మార్గం. అందులో తప్పేమీ లేదు గాని, పిల్లవాడు ఇంటినుండి తెచ్చుకున్న పాట మాత్రం సంచిలోనే ఉండిపోతుంది.

ఈ నగరానికి ఇన్ని భాషలు రావడానికి కారణం ఉక్కు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది; సాక్చీ గ్రామం వద్ద వెలసిన కర్మాగారంలో 1912 నాటికి ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైనది. 1919లో చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టగా, కాలీమాటీ రైలుస్టేషను టాటానగర్ అయినది. బెంగాల్-నాగపూర్ రైలుమార్గం వాల్తేరును ఖరగ్‌పూర్‌తో కలిపిన పిమ్మట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు పనులు వెదకుకొంటూ ఇటు వచ్చి స్థిరపడ్డాయి. తాతలు తెలుగు చదివినవారు. మనుమలలో పలువురు మాట్లాడగలరే గాని చదవలేరు.

ఇక్కడ ఒక చక్కని పోలిక ఉన్నది. తెలుగునాట సూర్యుడు ధనూరాశిలో ఉండే నెలను ధనుర్మాసమంటారు. ఆ నెల పొడవునా ఆడపిల్లలు పేడముద్దలను గొబ్బెమ్మలుగా చేసి, పసుపు కుంకుమలు అద్ది, గుమ్మడిపూలు గుచ్చి, చుట్టూ తిరుగుతూ చప్పట్లతో పాడుతారు. సింగ్‌భూమ్, పురూలియా పల్లెలలో సరిగా అదే నెలను పౌషమంటారు. అచట ఆడపిల్లలు మట్టిమూకుడులో వడ్లపొట్టు పోసి, పైన పేడముద్దలు, గరిక, బంతిపూలు ఉంచి, దానిని టుసు అని పిలుస్తూ ప్రతి సాయంకాలమూ పాడుతారు. ‘తుష్’ అనగా పొట్టు. టుసు అనే పేరు దానినుండే వచ్చినదని పెక్కుమంది చెబుతారు. రెండు వ్రతాలూ కోతల కాలంలోనివే, రెండూ బాలికలవే, రెండూ సంక్రాంతికి పరాకాష్ఠ నందుకొనేవే. ఒకరి పండుగ మరొకరు చూసి నేర్చినది కాకపోవచ్చును. పంటా ఋతువూ ఒకటే అయినచోట పాట కూడా అదే తావున మొలకెత్తి ఉండవచ్చును.

తరగతి గదిలో ఈ రెండు పాటలనూ పక్కపక్కన నేర్పడం కష్టం కాదు. రెండూ కొద్ది స్వరాల పరిధిలోనే నడుస్తాయి, పల్లవి పదేపదే వస్తుంది, ఒకరు అందిస్తే మిగిలినవారు అందుకొంటారు. ఏడెనిమిదేండ్ల పిల్లల గొంతుకు ఇంతకన్న అనువైనది దొరకదు. హార్మోనియం పెట్టె మొదటిరోజు తెరవకుండుటే మేలు. పిల్లలను వలయాకారంగా నిలిపి, ముందు అడుగు, పిదప చప్పట్లు, ఆ తరువాతనే మాట నేర్పవలెను. టుసు పాడే ఇంటి అమ్మాయి ఒకనాడు, గొబ్బి తెలిసిన అమ్మాయి మరొకనాడు ముందు నిలిచి పాట అందిస్తే, ఉపాధ్యాయుడు సైతం విద్యార్థుల వరుసలో చేరవచ్చును. సెలవులలో ప్రతి పిల్లవాడూ అమ్మమ్మ వద్దనో, పొరుగింటివారి వద్దనో ఒక్క పాట నేర్చి రావలెనని చెప్పి పంపితే అభ్యాసం ఆగదు.

వ్రాసుకొనేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. తెలుగు చదవలేని పిల్లవాడు పాటను దేవనాగరిలో వ్రాస్తాడు. హిందీ పాఠ్యపుస్తకాల లిపిలో హ్రస్వమైన ఎ, ఒ లకు వేరే గుర్తులు లేవు. అందుచేత ‘గొబ్బి’ కాస్తా ‘గోబ్బి’గా చదువబడుతుంది, ఒక మాత్ర పెరిగి తాళం జారుతుంది. ఈ లోపాన్ని దిద్దేది పెద్దల కంఠమే. కాగితం జ్ఞాపకానికి, పాట మాత్రం చెవికి. సంతాలీ పాటలు పాడే పిల్లలకు ఈ ఇబ్బంది అంతగా లేదు. 1925లో రఘునాథ్ ముర్ము రూపొందించిన ఓల్ చికీ లిపి ఆ భాషకోసమే పుట్టినది.

టుసు పాటను కేవలం పిల్లల ఆటగా తలచరాదు. పాడేవారు అప్పటికప్పుడు కొత్త చరణాలు కట్టడం దాని స్వభావం; ఊరి ముచ్చట్లు, ధరలు, ఎకసెక్కాలు అన్నీ అందులో చేరుతాయి. బడులలో బెంగాలీకి చోటు తగ్గిపోతున్నదని 1954 జనవరిలో మానభూమ్ ప్రజలు లోక్ సేవక్ సంఘ్ నాయకత్వాన సత్యాగ్రహం చేసినపుడు టుసు పాటలే వారి ఆయుధాలైనాయి. పాడినందుకు జైళ్లకు వెళ్లారు. ఆ జిల్లాలోని పురూలియా 1956 నవంబరు 1న పశ్చిమ బెంగాలులో చేరినది. ఆంధ్రప్రదేశ్ అవతరించినది కూడా ఆ రోజుననే. టాటానగర్‌కు సమీపాన ఉన్న పటమదా, చాండిల్ ప్రాంతాలు మాత్రం బీహారులోనే నిలిచి, 2000లో ఝార్ఖండ్‌లో భాగమైనాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించవలెనన్న 350-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరినది కూడా 1956లోనే.

గొబ్బి, టుసు రెండూ పూజతో ముడిపడినవి గనుక ఉపాధ్యాయుడు కొంత మెలకువ వహించాలి. ఇష్టం లేని విద్యార్థిని పూజలో పాల్గొనుమని నిర్బంధించరాదని 28వ అధికరణం చెబుతున్నది. తరగతిలో నేర్పేది పాట, అడుగు, తాళం, పూజ ఇంటిది. క్రిస్మస్ గీతాలకూ ఇదే వర్తిస్తుంది. ఐరోపాలో ‘కారల్’ అనే మాట మొదట వలయంగా తిరుగుతూ పాడే ఆటపాటకు చెల్లేదని తెలిస్తే, గొబ్బి చుట్టూ తిరిగే పిల్లలకు అది అంత పరాయిదిగా తోచదు.

సంక్రాంతినాడు వెదురు, రంగుకాగితాలతో చేసిన చౌడళ్లను ఊరేగించి సువర్ణరేఖలో, ఖర్కాయిలో విడిచివేస్తారు. టుసు పాట అక్కడితో ఆగుతుంది. తెలుగు ఇండ్లలో గొబ్బెమ్మలు పిడకలై ఎండి, రథసప్తమినాడు పరమాన్నం వండే పొయ్యిలోకి చేరుతాయి. సెలవులలో పిల్లలు సేకరించి తెచ్చిన పాటలను సరిచూసుకొని పాడించడానికి సంగీతపు తరగతికి అప్పటివరకు కొన్ని వారాల వ్యవధి ఉంటుంది.