చైనా దేశపు కంచుగుఱ్ఱము

చైనా దేశమున వాయవ్యదిశ నున్న గన్సు రాష్ట్రములో వూవై యను ప్రాచీన నగరము కలదు. అచ్చటి లెయ్‌తాయ్ అను మట్టిదిబ్బ క్రింద 1969 వ సంవత్సరమున సొరంగము త్రవ్వుచున్న రైతులకు ఇటుకలతో గట్టిన సమాధి యొకటి కనబడెను. అందు కంచుతో పోతపోసిన గుఱ్ఱములును, రథములును, భటుల ప్రతిమలును పెక్కు లభించినవి. వానిలో నొక గుఱ్ఱమే నేడు లోకప్రసిద్ధి గాంచినది. ఇది క్రీ. శ. 25–220 సంవత్సరముల నడుమ నేలిన తూర్పు హాన్ వంశము నాటిదని పండితులలో పెక్కుర యభిప్రాయము.

దీని యెత్తు సుమారు 34.5 సెంటీమీటర్లు, అనగా జానెడున్నర. పొడవు 45 సెంటీమీటర్లు. బరువు మాత్రము ఏడు కిలోగ్రాములకు మించును. మూడు కాళ్ళు గాలిలో నుండగా, కుడి వెనుకకాలి గిట్ట యొక్కటియే ఎగురుచున్న పక్షి వీపున నానియున్నది. ఇంత భారమును ఆ చిన్న పక్షియే మోయుచున్నది. దాని చాచిన రెక్కలే పీఠము. గుఱ్ఱపు బరువంతయు సరిగా దానిపై నిలుచునట్లు శిల్పి తూచి పోతపోసెను. ఆ శిల్పి పేరు మనకు దక్కలేదు.

మా పాఠశాలలో ఈ చిత్రమును చూపినప్పుడు ఒక బాలిక, “మాష్టారూ, పాపము, ఆ పిట్ట నలిగిపోదా?” యని యడిగినది. పక్షిని త్రొక్కుట శిల్పి తలంపు కాదనియు, పక్షినే మించిన వేగమును జూపుటకై దాని నచ్చట నుంచెననియు చెప్పితిని. పక్షి తల వెనుకకు త్రిప్పి చూచుచున్నది. 1971 లో ఈ శిల్పమును గాంచిన విద్వాంసుడు గో మోరో దీని గొప్పతనమును చాటెను. వానకోయిలను త్రొక్కు గుఱ్ఱమను పేరు వ్యాపించినది. కాని వానకోయిలకుండు చీలికతోక దీనికి లేనందున, ఆ పక్షి యేదను వివాదము తీరలేదు.

చైనీయులకు గుఱ్ఱముపై నింత మక్కువ యేల? ఉత్తరమున షియోంగ్ను జాతివారు అశ్వబలముతో సరిహద్దులపై బడుచుండిరి. వారిని ఎదుర్కొనుటకు మేలుజాతి గుఱ్ఱములు కావలసెను. క్రీ. పూ. 138 లో వూ చక్రవర్తి పంపిన దూత ఝాంగ్ ఛియెన్, మన చరిత్రపాఠములలో బాబరు జన్మభూమిగా వినవచ్చు ఫర్గానా సీమలోని యశ్వముల వార్త తెచ్చెను. వానిని దివ్యాశ్వములని పిలిచిరి. అడిగిన నీయలేదని క్రీ. పూ. 104 లో సేనానియగు లీ గ్వాంగ్‌లీ దండు వెడలెను. మొదటి దాడి విఫలమయ్యెను. రెండవమారు అరువదివేల మందితో బయలుదేరగా, తిరిగివచ్చినవారు పదివేలకు కొంచెము పైబడినవారే యని చరిత్రకారుడు సిమా ఛియెన్ వ్రాసెను. దక్కిన మేటి గుఱ్ఱములు కొన్ని పదులు. తక్కిన సామాన్యాశ్వములు మూడువేలకు పైగా.

ఈ గుఱ్ఱము 1973 లో పారిస్, లండన్ నగరములలో ప్రదర్శింపబడెను. 1983 లో చైనా పర్యాటకశాఖ దీనిని తన చిహ్నముగా గైకొనెను. శిల్పము లాన్‌ఝో నగరమునందలి గన్సు రాష్ట్ర ప్రదర్శనశాలలో నున్నది.

ఈ లెక్కలు చదివిన పిదప ఆ బాలిక ప్రశ్న నాకు మరల జ్ఞప్తికి వచ్చినది. కంచుపక్షి నలుగలేదు; గుఱ్ఱములకొఱకు ఎడారిదారుల నలిగినవారు ఆ భటులు. మరునాడు తరగతిలో ఆ మాటయు చెప్పితిని.