సిరంజి గీతలు – గ్రాముల లెక్కలు

కొన్నేళ్ల క్రితం వానాకాలంలో మా పరిశోధక విద్యార్థి ఒకరు వరిలో కీటకనాశని మోతాదులపై ప్రయోగం చేపట్టారు. సికింద్రాబాదులో తమ ఇంటి దగ్గరి మందుల దుకాణం నుండి సన్నని గీతలున్న సిరంజి ఒకటి కొని తెచ్చారు. మొదటి పిచికారీ ముగిశాక సీసాలో మందు అనుకున్నదానికన్నా ఎక్కువ తగ్గినట్లు గమనించి లెక్కను సరిచూశాము. ఒక్కొక్క మడికి పడవలసినది 0.25 మి.లీ.; పడినది 0.70 మి.లీ. ఆ మడులను ప్రయోగం నుండి తొలగించక తప్పలేదు. ఒక పంటకాలం వృథా అయింది. జరిగిన పొరపాట్లు రెండు. రెండూ ప్రమాణాల మార్పిడికి సంబంధించినవే. పిచికారీకి ముందే లెక్కను పరిశీలించకపోవడం నా లోపం.

శాతం వెనుక ఉన్న ప్రమాణం

ఆ మందు ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. నిర్ణయించిన మోతాదు హెక్టారుకు 25 గ్రాముల క్రియాశీల పదార్థం. 25ను 0.178తో భాగిస్తే 140 వస్తుంది. విద్యార్థి దీనిని 140 మి.లీ.గా తీసుకున్నారు. అయితే 17.8 శాతం అంటే 100 గ్రాముల మందులో 17.8 గ్రాముల క్రియాశీల పదార్థం ఉన్నదని అర్థం, 100 మి.లీ.లో ఉన్నదని కాదు. కాబట్టి లెక్కలో వచ్చినవి 140 గ్రాములు. ఈ మందు సాంద్రత మి.లీ.కు సుమారు 1.12 గ్రాములు. 140ని 1.12తో భాగిస్తే 125 మి.లీ. వస్తుంది. ఈ మందునే అనేక దేశాలలో లీటరుకు 200 గ్రాములు గల మందుగా పేర్కొనడానికి కారణమిదే.

ఇతర మందులలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. లీటరులో 200 గ్రాముల క్రియాశీల పదార్థం ఉంటుంది. హెక్టారుకు 30 గ్రాములు అందించాలంటే 150 మి.లీ., అంటే ఎకరాకు 60 మి.లీ. చాలు. సాంద్రతను విస్మరిస్తే 162 మి.లీ. పోస్తాము. వేపనూనె విషయంలో తేడా తలకిందులవుతుంది. అది నీటికన్నా తేలిక కాబట్టి 5 మి.లీ. నూనె 5 గ్రాముల బరువు తూగదు. ఒక గ్రాము ఒక మి.లీ.తో సమానమన్నది నీటి విషయంలోనే దాదాపు చెల్లుతుంది.

గీత విలువ ఎంత?

ఒక్కొక్క మడి వైశాల్యం 20 చదరపు మీటర్లు. హెక్టారుకు 140 మి.లీ. చొప్పున మడికి 0.28 మి.లీ. అని లెక్కకట్టి, విద్యార్థి సిరంజిలో 28వ గీత వరకు మందు తీశారు. అది ఇన్సులిన్ సిరంజి. దాని గీతలు మి.లీ.ను కాక ఇన్సులిన్ యూనిట్లను సూచిస్తాయి. ఎర్ర మూత గల యు-40 రకంలో 40 యూనిట్లు కలిస్తే 1 మి.లీ.; నారింజ రంగు మూత గల యు-100 రకంలో 100 యూనిట్లు కలిస్తే 1 మి.లీ. వాడినది యు-40 కావడంతో 28వ గీత వద్ద 0.70 మి.లీ. వచ్చింది. సాంద్రత వల్ల 12 శాతం పెరిగిన మోతాదు, గీతల వల్ల మొత్తం మీద 2.8 రెట్లయింది.

పాటించవలసిన పద్ధతి

మందు సాంద్రత తెలియనప్పుడు ప్రయోగశాలలో సులభంగా కనుగొనవచ్చు. ఖాళీ సిరంజిని తూచి, 10 మి.లీ. మందు తీసి, పైభాగం తుడిచి మళ్లీ తూచాలి. బరువులోని తేడాను 10తో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఎస్.సి. మందుల సీసాను ముందుగా బాగా కుదపాలి.

సిరంజిపై మి.లీ. లేదా సి.సి. అని ఉన్నదో లేదో చూడాలి. ఈ రెండూ ఒకటే. 0.2 మి.లీ. చొప్పున గీతలున్న 5 మి.లీ. సిరంజితో 0.25 మి.లీ.ను కచ్చితంగా కొలవలేము. 0.01 మి.లీ. గీతలున్న 1 మి.లీ. సిరంజి వాడాలి. లేదా 2.5 మి.లీ. మందును నీటితో 100 మి.లీ.కు చేర్చి, బాగా కలిపి, మడికి 10 మి.లీ. చొప్పున వాడాలి. ఈ రెండవ పద్ధతే మేలు.

సిరంజి ముక్కును పైకి పట్టి గాలి బుడగలను వెలువరించాలి. ప్లంజర్ రబ్బరు ముందు అంచు వద్ద కొలత చదవాలి. బయటకు వచ్చే మందే గీతల లెక్కలోనిది. ముక్కులో మిగిలే చుక్క అందులో లేదు. కాబట్టి స్వల్ప మోతాదులలో దానిని కడిగి పిచికారీ నీటిలో కలపరాదు. చేతి తొడుగులు ధరించాలి, సూది అమర్చరాదు. ఒకసారి పురుగుమందుకు వాడిన సిరంజిని మనుషులకు గానీ పశువులకు గానీ ఎన్నడూ వాడరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు మోతాదు చెప్పేటప్పుడు మందు పేరుతో పాటు దాని శాతాన్ని, రకాన్ని, ఎన్ని మి.లీ. అన్నదానిని కలిపి చెప్పాలి. లేబుల్‌పై మి.లీ.లో మోతాదు ఉన్నచోట దానినే అనుసరించాలి. విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథంలో మందు సాంద్రతను, కొలిచిన సాధనాన్ని నమోదు చేయాలి. రెండు మోతాదుల ఫలితాల మధ్య తేడా పది శాతమే ఉన్నప్పుడు, కొలతలో పన్నెండు శాతం తప్పు ఉంటే ఆ ఫలితానికి విలువ ఉండదు.