మంచు తెరల్లో వాన జాడ

ధనుర్మాసపు తెల్లవారుజామున అర్ధవీడు ఊరి అంచున నిలబడి పడమటికి చూస్తే నల్లమల కనిపించదు. కొండ ఉండవలసిన చోట తెల్లని మంచు తెర నిలిచి ఉంటుంది. గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుంటుంది. వాకిళ్లలో ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు కొలువు తీరుతుంటాయి. ఆ వేళ ఇంటి పెద్ద అరుగు దిగి, తూర్పుకు తిరిగి సూర్యనారాయణునికి చేతులు జోడించి, ఆపైన కొండవైపు చూస్తాడు. మంచు ఎంత దట్టంగా పట్టింది? ఎంత పొద్దెక్కేదాకా నిలిచింది? గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నది?

అది ఊసుపోక చూసే చూపు కాదు. రాబోయే ఆషాఢంలో కురవవలసిన వాన జాడను ఆయన పుష్యమాసపు మంచులో వెతుకుతున్నాడు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల రైతు బతుకంతా వాన మీదే ఆధారపడింది. వాన తప్పితే బోరు ఎండుతుంది, పశువుకు మేత ఉండదు, తాగే నీటిలో ఫ్లోరైడ్ బాధ మిగులుతుంది. అందుకే ఇక్కడ ఆకాశాన్ని చూడటం కూడా ఒక నిత్యానుష్ఠానమైంది.

మేఘానికీ గర్భవాసం

మంచుకాలంలో వానను వెతకడమేమిటని నేటి తరానికి సందేహం కలగవచ్చు. దీనికి సమాధానం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరాచార్యుని బృహత్సంహితలో ఉంది. లోకానికి ప్రాణం అన్నమనీ, అన్నం వర్షాధీనమనీ, కనుక వర్షకాలాన్ని యత్నపూర్వకంగా పరీక్షించాలనీ ఆ మహనీయుడు గర్భలక్షణాధ్యాయాన్ని ఆరంభించాడు. తల్లి కడుపున శిశువు పెరిగినట్లే మేఘం కూడా గర్భస్థమై పెరిగి, 195 దినాలకు వర్షరూపంలో ప్రసవిస్తుందని ఆయన నిర్ణయం. మార్గశిర శుద్ధంలో నిలిచిన గర్భం లెక్క ప్రకారం జ్యేష్ఠాషాఢాల నాటికి పండుతుంది. శుక్లపక్షపు గర్భం కృష్ణపక్షంలోనూ, పగటి గర్భం రాత్రివేళలోనూ కురుస్తుందని చెప్పాడు.

లక్షణాలను సైతం మాసాలవారీగా విడమరచాడు. మార్గశిరంలో చలి మితిమీరరాదు. పుష్యంలో మంచు అతిగా పడరాదు. మాఘంలో గాలి బలంగా వీచి, సూర్యచంద్రుల కాంతి మంచుతో మసకబారి, చలి తీవ్రంగా ఉండటం శుభం. రాత్రింబగళ్లు ఏకాగ్రచిత్తంతో ఈ లక్షణాలను గమనించే దైవజ్ఞుని వాక్కు వాన విషయంలో మునివాక్యం వలె వ్యర్థం కాదని కూడా అన్నాడు. పంచాంగం చేతబట్టినంత మాత్రాన చాలదు, కన్ను ఆకాశం మీద ఉండాలన్నది ఆయన నియమం.

వ్యవసాయానికే అంకితమైన కృషిపరాశర గ్రంథం మరొక పద్ధతి చెప్పింది. పుష్యమాసాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కొక్కటి రెండున్నర దినాలు. ఒక్కొక్క భాగం సంవత్సరంలోని ఒక్కొక్క మాసానికి గుర్తు. ఆ రెండున్నర దినాల్లో ఉత్తరపు గాలి గానీ పడమటి గాలి గానీ వీస్తే ఆ మాసంలో వాన, తూర్పు, దక్షిణాల గాలి అయితే అనావృష్టి. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదని మనవారంటారు. అంతటి పొట్టి పగళ్లలోనే ఏడాది మొత్తాన్ని చదువుకోమని పరాశరుడు చెప్పాడు.

గోదాదేవి కోరిన వాన

ఈ నేపథ్యం తెలిస్తే తిరుప్పావైలోని ఒక విశేషం మనసుకు పడుతుంది. మంచు కురిసే నెలలో నోము పట్టిన గోదాదేవి ముప్పై పాశురాల్లో మూడవదానిలోనే నెలకు మూడు వానలు కురవాలని కోరింది. నాలుగవదానిలో వర్షదేవుణ్ణి నేరుగా పిలిచింది. సముద్రజలాన్ని నిండుగా తాగి, స్వామి మేనిలా నల్లబడి, చక్రంలా మెరిసి, శంఖంలా ధ్వనించి, శార్ఙ్గం విడిచిన బాణాల్లా కురవమని వేడుకొంది. కోరిక తనకొక్కతెకే కాదు, లోకమంతటికీ. మార్కాపురం చెన్నకేశవస్వామి సన్నిధి మొదలు పల్లెలోని రామాలయం వరకు వైష్ణవ సంప్రదాయం ఉన్న ప్రతిచోటా ఈ పాశురాలను అనుసంధిస్తున్నవారు, తెలిసో తెలియకో, మేఘం గర్భం ధరించే వేళలోనే వాన కోసం ప్రార్థిస్తున్నారన్నమాట.

బదరిలో నేతి కంబళం

మన కొండల మీద పడేది పొద్దెక్కితే కరిగే మంచు. ఉత్తరాన హిమగిరుల మీద పడేది నెలల తరబడి పేరుకునే హిమం. నల్లమలపై వెలసిన శ్రీశైల మల్లికార్జునుడూ, ఆ హిమం నడుమ వెలసిన కేదారనాథుడూ ద్వాదశ జ్యోతిర్లింగాల్లోని వారే. తెలుగునాట నుంచి ఏటా ఎందరో యాత్రికులు కేదార బదరీ క్షేత్రాలకు వెళ్తుంటారు. వారిలో కొందరికే తెలిసిన ఆచారం ఒకటి బదరిలో ఉంది.

కార్తిక మార్గశిరాల్లో బదరీనాథ ఆలయాన్ని మూసేనాడు, సమీపంలోని మాణా గ్రామపు ఆడపడుచులు నేసిన ఉన్ని కంబళాన్ని నేతిలో తడిపి స్వామికి కప్పుతారు. దీపం వెలిగించి తలుపులు మూస్తారు. ఆ ఆరు నెలలూ అక్కడ దేవతలే పూజ చేస్తారని నమ్మకం. వైశాఖంలో తలుపులు తెరిచినప్పుడు ముందుగా చూసేది ఆ కంబళాన్నే. నెయ్యి ఆరకుండా తడిగా ఉంటే ఆ యేడు దేశానికి సుభిక్షం. ఎండిపోతే కరువుకు సూచన. అర్ధవీడు పెద్దాయన కొండ మంచులో వెతికే జాడనే బదరి అర్చకులు కంబళపు నేతిలో వెతుకుతారు.

హిమం చెప్పే మాట

ఆధునిక శాస్త్రం సైతం ఒకనాడు వాన కబురు కోసం హిమాలయం వైపే చూసింది. 1876-78 నాటి మహాకరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాలు ఆ కరువు దెబ్బ తిన్నాయి. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు తొలి అధిపతి అయిన హెన్రీ బ్లాన్‌ఫోర్డ్, హిమాలయాలపై మంచు అధికంగా పడిన ఏట మైదానాల్లో వానలు తగ్గుతున్నాయని 1884లో ప్రతిపాదించాడు. మంచు సూర్యకాంతిని తిప్పికొడుతుంది. కరగడానికి వేడిని తీసుకుంటుంది. దానితో నేల వేడెక్కడం ఆలస్యమై రుతుపవనం బలహీనపడుతుందన్నది దానికి చెప్పే కారణం. ఈ ఆధారంతోనే 1886లో ప్రభుత్వం తరఫున రుతుపవనాల అంచనా వెలువడింది.

పుష్యంలో హిమపాతం అతి కారాదన్న వరాహమిహిరుని మాటకూ దీనికీ పోలిక కనిపిస్తుంది. అయితే రెండూ ఒకటేననడం తొందరపాటు. తరువాతి కాలంలో ఒక్క మంచుతోనే వానను చెప్పలేమనీ, దూరాన పసిఫిక్ మహాసముద్రపు వేడి కూడా మన వానను శాసిస్తుందనీ తేలింది. ఋషి చెప్పినా, శాస్త్రవేత్త చెప్పినా సారాంశం ఒకటే. వాన హఠాత్తుగా పుట్టదు. ఎక్కడో, ఎంతో ముందుగా దాని ఆరంభం ఉంటుంది.

చూపు తర్వాత చేత

లక్షణాలు చూడటం మంచిదే. కానీ లక్షణాన్నే నమ్మి విత్తనం చల్లడం వివేకం కాదు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందన్న సామెత తెలిసిన రైతు కూడా నేల పదును చూశాకే గొర్రు కడతాడు. నేడు వాతావరణ శాఖ సూచనలు సెల్‌ఫోనులోకే వస్తున్నాయి. వాటినీ చూడాలి, ఆకాశాన్నీ చూడాలి.

వానను పిలవడం ఎంత ముఖ్యమో, వచ్చిన వానను నిలుపుకోవడమూ అంతే ముఖ్యం. అర్ధవీడుకు చేరువలోనే కంభం చెరువు ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి విజయనగర కాలంలో నిర్మించిన ఆ చెరువును శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతి పుత్రిక అయిన వరదరాజమ్మ కట్టించిందని స్థానికుల విశ్వాసం. ఐదు వందల ఏళ్లుగా మంచి కాలమైన ప్రతి ఏటా నల్లమల వాన అందులోకే చేరుతున్నది. ఆ రాణి కూడా వాన కోసం మొక్కే ఉంటుంది. మొక్కి ఊరుకోకుండా కట్ట వేయించింది.

చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని మన ధర్మం. అంతటి శక్తి లేనివారు ఊరి కుంటలో పూడిక తీసే పనికి ఒక పూట చేయి కలపవచ్చు. వాగుకు అడ్డంగా వేసిన చెత్తను తొలగించవచ్చు. ఇంటి చూరు నీటిని ఇంకుడుగుంతకు మళ్లించవచ్చు. మేఘం కడుపుతో ఉన్నదని శాస్త్రం చెప్పే ఈ మాసంలోనే ఆ పనికి పూనుకోవాలి. పుట్టబోయే బిడ్డకు ముందుగానే ఉయ్యాల సిద్ధం చేసుకోవడం మన ఇళ్లలో ఉన్నదే కదా!

రేపు తెల్లవారుజామున పొంగలి నైవేద్యం పెట్టాక ఒక్కసారి ఆకాశం వైపు చూడండి. పిల్లలను కూడా వెంట నిలబెట్టుకుని, మంచు ఎంతసేపు నిలిచిందో, గాలి ఎటు వీచిందో క్యాలెండరులో ఆ తేదీ పక్కన రాయించండి. ఆషాఢం నాటికి ఆ రాత నిజమైనా, కాకపోయినా, అన్నం పెట్టే వానను ఆరు నెలల ముందు నుంచే భక్తితో ఎదురుచూడటం ఆ పిల్లలకు అలవడుతుంది.