చేతులు కాలకముందే మేలుకోవాలి

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?" అంటారు మన పెద్దలు. రసాయనాల విషయంలో మానవుడు ఇంచుమించు ప్రతిసారీ చేసింది ఇదే. ఒక కొత్త పదార్థం వస్తుంది. దాని లాభం వెంటనే కనిపిస్తుంది. నష్టం మాత్రం పదేళ్లకో, ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. అప్పటికే అది నేలలో, నీటిలో, మన ఒంట్లో చేరిపోయి ఉంటుంది. మరి ఆ నష్టాన్ని ముందుగానే పసిగట్టి, తగిన చట్టాలు చేసుకోవడం సాధ్యమేనా? సాధ్యమేనని చరిత్ర చెబుతోంది.

ఆలస్యానికి మూల్యం

డి.డి.టి. కీటకాలను చంపుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పాల్ ముల్లర్ 1939లో కనుగొన్నాడు. ఇందుకు 1948లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మలేరియాను అదుపు చేయడంలో ఆ మందు చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ దాని విచ్చలవిడి వాడకం వల్ల పక్షులకు, చేపలకు ముప్పు వస్తోందని 1962లో రేచల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' అనే పుస్తకంలో హెచ్చరించింది. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది. మన దేశంలో వ్యవసాయానికి దాని వాడకాన్ని 1989లో ఆపారు.

పెట్రోలులో సీసం కలపడం 1920లలో మొదలైంది. సీసం విషమని అప్పటికే వైద్యులకు తెలుసు. అయినా మన దేశంలో సీసం లేని పెట్రోలు పూర్తిగా అమలులోకి రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో మానేసింది. ఒక తప్పు దిద్దుకోవడానికి వందేళ్లు!

ముందుచూపు ఫలించిన వేళ

రిఫ్రిజిరేటర్లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ల కథ వేరు. అవి మండవు, విషం కావు, దేనితోనూ చర్య జరపవు. అందుకే అందరూ మెచ్చుకున్నారు. 1974లో మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. "దేనితోనూ చర్య జరపని ఈ వాయువు చివరికి ఎక్కడికి పోతుంది?" అది పైపైకి చేరుతుందని, అక్కడి అతినీలలోహిత కిరణాలకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతుందని, ఆ క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని వారు లెక్కగట్టారు. అప్పటికి ఓజోన్ రంధ్రాన్ని ఎవరూ చూడలేదు. 1985లో అంటార్కిటికాపై అది బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఇప్పుడు ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోంది. వారిద్దరికీ 1995లో నోబెల్ బహుమతి లభించింది.

ఎలా పసిగడతారు?

ఇది జోస్యం కాదు. శాస్త్రజ్ఞులు ఏ రసాయనం విషయంలోనైనా ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేస్తారు.

1. ఎంతకాలం నిలుస్తుంది? ఎండకు, సూక్ష్మజీవులకు విరిగిపోతే భయం తక్కువ. విరగకపోతే ఏటేటా పోగవుతుంది.

2. ఒంట్లో పేరుకుంటుందా? కొవ్వులో కరిగే డి.డి.టి. నాచు నుంచి చిన్న చేపకు, దాని నుంచి పెద్ద చేపకు, అక్కడి నుంచి పక్షికి చేరే కొద్దీ పెరుగుతూ పోతుంది.

3. ఎంత వాడతారు, ఎక్కడికి ప్రయాణిస్తుంది? కొద్దిపాటి విషమైనా ప్రతి ఇంట్లో వాడితే పెద్ద ప్రమాదమే.

నిలిచి ఉండి, పేరుకుని, దూరాలకు వెళ్లే విషాలను అరికట్టేందుకు 2001లో స్టాక్‌హోం ఒప్పందం కుదిరింది. మన పొలాల్లో చల్లిన ఎండోసల్ఫాన్‌ను 2011లో ఆ జాబితాలో చేర్చారు.

మన పటాన్‌చెరు

దూరం వెళ్లనక్కర లేదు. హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు ప్రాంతంలో 1970ల నుంచి పరిశ్రమలు వెలిశాయి. వాటి వ్యర్థాలతో నక్కవాగు పాడైంది. బావులు, పొలాలు దెబ్బతిన్నాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. తరువాత వ్యర్థజలాల శుద్ధి కేంద్రం కూడా వచ్చింది.

కథ అంతటితో ముగియలేదు. సుమారు 90 మందుల కంపెనీల నీరు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవులకు రేపు మందులు పనిచేయవు. మరి తనిఖీల్లో ఎందుకు దొరకలేదు? నీటి ప్రమాణాల్లో యాంటీబయాటిక్‌కు పరిమితే లేదు. వెతకనిది ఎలా దొరుకుతుంది? 2020లో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో అలాంటి పరిమితులు ప్రతిపాదించింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో అవి లేవు.

రుజువు చేయవలసింది ఎవరు?

అసలు విషయం ఇక్కడే ఉంది. బావి నీరు రంగు మారితే, ఫలానా ఫ్యాక్టరీ వల్లేనని రైతే రుజువు చేయాలంటే జరిగే పనేనా? అతనికి ప్రయోగశాల లేదు, వకీలు లేడు. పైగా ఇలాంటి వ్యర్థాలు చేరేది ఎక్కువగా పేదల పొలాల పక్కకే.

హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల దగ్గర ఒక నూనె పరిశ్రమ పెట్టబోయిన కేసులో సుప్రీంకోర్టు 1999లో గొప్ప తీర్పు ఇచ్చింది. నష్టం జరిగే దాకా ఆగనక్కర లేదని, తన పని వల్ల హాని లేదని చూపించే బాధ్యత పరిశ్రమదేనని చెప్పింది. దీన్నే ముందు జాగ్రత్త సూత్రం అంటారు. ఐరోపా దేశాలు 2007 నుంచి ఇదే దారిలో రసాయనాల చట్టం అమలు చేస్తున్నాయి. సమాచారం ఇవ్వని రసాయనానికి అక్కడ మార్కెట్ లేదు.

మన వంతు

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చాలా రకాల పెద్ద పరిశ్రమలకు అనుమతి ఇచ్చే ముందు ఆ ప్రాంతంలో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటించాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే మనకు తెలుగులో, అందుబాటులో ఉంచాలి. కానీ ఊళ్లో దాన్ని చదివి వివరించే వారేరి?

మిత్రులారా! ఆ పని మనం చేయగలం. మన హాస్టళ్లలో చదివిన వారిలో చాలామంది తమ ఇంట్లో మొదటి చదువరులు. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అలాంటి సభ ఉందని తెలిస్తే ఆ సారాంశం చదవండి. పై మూడు ప్రశ్నలూ అడగండి. "ఏ రసాయనాలు వాడతారు? మిగిలిన నీరు ఎక్కడికి పోతుంది? ఏయే పరీక్షలు చేస్తారు, ఫలితాలు మాకు చూపిస్తారా?" అని రాతపూర్వకంగా ఇవ్వండి. పరిశ్రమలు వద్దనడం మన ఉద్దేశం కాదు. ఉద్యోగాలు మనకూ కావాలి. అయితే ఆ ఉద్యోగానికి మన చెరువును మూల్యంగా చెల్లించకూడదు. రసాయనశాస్త్రం చదివేది మార్కుల కోసమే కాదు, మన ఊరి నీళ్ల కోసం కూడా.