పెట్టెలో వచ్చిన ఇద్దరు వీరులు

పోయిన శీతాకాలం మా తెలుగు బడిలో కర్ణుడి కథ చెబుతున్నాను. కుంతి పసిబిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలిందనగానే, వెనక వరుసలోని ఒక అబ్బాయి చెయ్యెత్తి, "అంకుల్, ఇది సూపర్‌మాన్ కథే కదా!" అన్నాడు. అందరం నవ్వాం. ఇంటికెళ్ళి ఆలోచిస్తే వాడన్నది నిజమేననిపించింది.

కామిక్ పుస్తకాల్లో ప్రతి వీరుడికీ ఒక పుట్టుక కథ ఉంటుంది. అతనికి శక్తి ఎలా వచ్చిందో, దాన్ని మంచికే ఎందుకు వాడతాడో అందులో తెలుస్తుంది. క్రిప్టన్ గ్రహం నాశనమయ్యే వేళ తల్లిదండ్రులు సూపర్‌మాన్‌ను రాకెట్‌లో పెట్టి భూమికి పంపుతారు. కెంట్ దంపతులు పెంచుకుంటారు. కన్నవారు పెట్టిన పేరు కాల్-ఎల్, పెంచినవారు పెట్టిన పేరు క్లార్క్. మన కర్ణుడు కవచకుండలాలతో పుట్టాడు. అధిరథుడు, రాధ పెంచారు కాబట్టి రాధేయుడయ్యాడు.

పిల్లలూ, సూపర్‌మాన్ బొమ్మ గీసిన జో షుస్టర్ 1914లో టొరంటోలోనే పుట్టాడని మీకు తెలుసా? తల్లిదండ్రులు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి దర్జీ. చిన్నప్పుడు జో వీధుల్లో టొరంటో డైలీ స్టార్ పత్రిక అమ్మేవాడు. తర్వాత కుటుంబం అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు వెళ్ళింది. అక్కడ జెర్రీ సీగెల్ స్నేహితుడయ్యాడు. అతనిదీ వలస వచ్చిన కుటుంబమే. జెర్రీ కథ, జో బొమ్మలు కలిసి 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో అచ్చయ్యాయి. హక్కులు మాత్రం 130 డాలర్లకే అమ్ముకున్నారు, పాపం. క్లార్క్ పనిచేసే డైలీ ప్లానెట్ పత్రిక పేరు మొదట్లో డైలీ స్టారే! 1995లో కెనడా పోస్ట్ సూపర్‌మాన్ తపాలా బిళ్ళ కూడా వేసింది.

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒక పేరు, స్కూల్లో కుదించిన పేరు. మా అమ్మాయి ఒకసారి, "స్కూల్లో నన్ను పూర్తి పేరుతో పిలవకు నాన్నా" అంది. ఆ రోజు నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పుడైతే కర్ణుడి గురించి చెబుతాను. కృష్ణుడు జన్మరహస్యం చెప్పి, రాజ్యం నీదేనన్నా, పెంచినవాళ్ళను వదలనన్నాడు. కన్నతల్లి వచ్చి అడిగితే ఆమెనూ వట్టి చేతులతో పంపలేదు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని మాటిచ్చాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఊరేదో, ఇక్కడికి ఎలా వచ్చారో, బిడ్డకు ఆ పేరే ఎందుకు పెట్టారో ఈ వారం భోజనాల దగ్గర చెప్పండి. అది వాళ్ళ పుట్టుక కథ. మనం చెప్పకపోతే వాళ్ళకు ఏ కామిక్‌లోనూ దొరకదు.