ది గ్రేట్ ఎస్కేప్ (1963 చిత్రం)

ది గ్రేట్ ఎస్కేప్ 1963లో విడుదలైన అమెరికన్ యుద్ధ చిత్రం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలోని యుద్ధఖైదీల శిబిరం నుండి మిత్రరాజ్యాల వైమానికులు సొరంగం తవ్వి తప్పించుకున్న సంఘటన దీనికి ఆధారం. దర్శకుడు జాన్ స్టర్జెస్, సంగీత దర్శకుడు ఎల్మర్ బెర్న్‌స్టీన్. నిడివి 172 నిమిషాలు. ఒకే కథానాయకునిపై కాక, అనేక ప్రధాన పాత్రలపై సమానంగా నడిచే యుద్ధ చిత్రాలకు దీనిని మంచి ఉదాహరణగా పేర్కొంటారు.

చారిత్రక నేపథ్యం

అప్పటి జర్మనీలోని సాగన్ పట్టణం (నేడు పోలండులో ఉన్నది) సమీపాన స్టాలగ్ లుఫ్ట్ 3 అనే శిబిరం ఉండేది. పట్టుబడిన వైమానికులను అందులో నిర్బంధించేవారు. దక్షిణాఫ్రికాలో జన్మించిన బ్రిటిష్ వైమానిక దళ అధికారి రోజర్ బుషెల్ నాయకత్వంలో ఖైదీలు 1943లో మూడు సొరంగాలను ఒకేసారి ప్రారంభించారు. వాటికి టామ్, డిక్, హ్యారీ అని పేర్లు పెట్టుకున్నారు. ఒకటి బయటపడినా మిగిలినవి దక్కుతాయన్నది వారి ఆలోచన. టామ్‌ను జర్మన్లు కనుగొన్నారు. డిక్ మట్టిని దాచడానికి ఉపయోగపడింది. హ్యారీ మాత్రమే పూర్తయింది.

హ్యారీ ద్వారం ఒక పొయ్యి క్రింద ఉండేది. సొరంగం పొడవు సుమారు 102 మీటర్లు, లోతు సుమారు 9 మీటర్లు. ఇసుక నేల కూలిపోకుండా మంచాల నుండి తీసిన సుమారు 4,000 చెక్కలను ఆధారంగా నిలిపారు. పాలపొడి డబ్బాలను ఒకదానికొకటి అతికి గాలి గొట్టాలు చేశారు. దొంగిలించిన తీగలతో విద్యుద్దీపాలు వెలిగించారు. మనుషులను, మట్టిని చేరవేయడానికి కొయ్య పట్టాలపై చిన్న బండ్లు నడిపారు. తవ్విన ఇసుక పైనేల కంటే లేత రంగులో ఉండేది. కావున దానిని ప్యాంటులోపల వేలాడదీసిన సంచులలో నింపుకొని, ఆవరణలో నడుస్తూ కొద్దికొద్దిగా జార్చి కాళ్ళతో కలిపివేసేవారు.

1944 మార్చి 24 రాత్రి పలాయనం మొదలైంది. సొరంగపు చివర అడవి వరకు చేరక, చెట్లకు ఇవతలనే తెరుచుకున్నది. దీనితో కాపలావాని కన్నుగప్పి ఒక్కొక్కరే వెళ్ళవలసి వచ్చింది. 200 మందిని పంపాలనుకోగా 76 మంది బయటపడ్డారు, 77వ వ్యక్తి పట్టుబడ్డాడు. తప్పించుకున్నవారిలో ముగ్గురే స్వేచ్ఛను పొందారు. వారిలో ఇద్దరు నార్వే దేశీయులు, ఒకరు డచ్చి దేశీయుడు. తిరిగి దొరికిన 73 మందిలో 50 మందిని హిట్లర్ ఆదేశంపై కాల్చిచంపారు. బుషెల్ వారిలో ఒకడు.

నిర్మాణం

ఆస్ట్రేలియాకు చెందిన పాల్ బ్రిక్‌హిల్ ఈ శిబిరంలో ఖైదీగా ఉండి పలాయన సన్నాహాలలో పాల్గొన్నాడు. ఇరుకు ప్రదేశాలంటే భయం ఉన్నందున సొరంగంలోకి వెళ్ళలేదు. 1950లో అతడు ప్రచురించిన గ్రంథమే చిత్రానికి మూలం. స్టర్జెస్ చాలాకాలం నుండి దీనిని తెరకెక్కించాలని కోరుకున్నా, 1960 నాటి ది మాగ్నిఫిసెంట్ సెవెన్ విజయం తరువాతనే అది సాధ్యమైంది. ఆ చిత్రంలో నటించిన స్టీవ్ మెక్వీన్, చార్లెస్ బ్రాన్సన్, జేమ్స్ కోబర్న్ ఇందులోనూ నటించారు.

జేమ్స్ క్లావెల్, డబ్ల్యు. ఆర్. బర్నెట్ చిత్రానువాదం వ్రాశారు. చిత్రీకరణ 1962లో మ్యూనిక్ సమీపంలోని బవేరియా స్టూడియోలోను, పరిసర ప్రాంతాలలోను జరిగింది. శిబిరాన్ని అడవిలో కొత్తగా నిర్మించారు. కెమెరా కదలడానికి వీలుగా సొరంగాన్ని ఒక ప్రక్క తెరచి ఉంచి కట్టారు. నిజ సొరంగాల తవ్వకంలో ముఖ్యపాత్ర వహించిన కెనడా దేశీయుడు వాలీ ఫ్లడీ సాంకేతిక సలహాదారుగా వ్యవహరించాడు.

ఈ బృందంలో పలువురికి యుద్ధం స్వానుభవమే. క్లావెల్ సింగపూరులో జపానీయుల చాంగీ చెరలో గడిపాడు. దొంగపత్రాలు తయారుచేసే కోలిన్ బ్లైత్ పాత్రధారి డోనాల్డ్ ప్లెజెన్స్ బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, 1944లో విమానం కూలగా జర్మన్ల ఖైదీ అయ్యాడు. సొరంగాలు తవ్వే డానీగా నటించిన బ్రాన్సన్ యౌవనంలో బొగ్గు గనిలో పనిచేశాడు.

తన పాత్ర చాలినంతగా లేదని మెక్వీన్ అసంతృప్తి చెందడంతో, చిత్రీకరణ జరుగుతుండగానే హిల్ట్స్ పాత్రను తిరిగి వ్రాశారు. ప్రసిద్ధమైన మోటారుసైకిలు దృశ్యం అతని ఆసక్తి ఫలితమే. అయితే ముళ్ళకంచె మీదుగా దూకినది అతడు కాదు, అతని మిత్రుడు బడ్ ఎకిన్స్. జర్మన్ యుద్ధ వాహనంలా కనబడేటట్లు మార్చిన బ్రిటిష్ ట్రయంఫ్ బండిని అందుకు వాడారు. తనను వెంబడించే జర్మన్ సైనికులలో ఒకనిగా కొన్ని చోట్ల మెక్వీనే బండి నడిపాడు.

చరిత్ర - కల్పన

చిత్రంలోని పాత్రలు పలువురు నిజ వ్యక్తుల కలయికలు. రిచర్డ్ అటెన్‌బరో ధరించిన రోజర్ బార్ట్‌లెట్ పాత్రకు బుషెల్ ఆధారం. సొరంగపు వివరాలు, మట్టిని దాచిన పద్ధతి, చెట్లకు ఇవతలనే బయటపడడం మొదలైనవి వాస్తవాలు. ముఖ్యమైన తేడాలు ఇవి:

* అమెరికన్లు తొలి సన్నాహాలలో పాల్గొన్నా, పలాయనానికి కొన్ని నెలల ముందే వారిని వేరే ఆవరణకు మార్చారు. కెనడా వారి పెద్ద పాత్ర చిత్రంలో మరుగున పడింది.
* మోటారుసైకిలు, విమాన దృశ్యాలు పూర్తిగా కల్పితాలు.
* చిత్రంలో పచ్చని వేసవి కనిపిస్తుంది. నిజంగా అది మంచు కురిసిన రాత్రి. చలి వలన కాలినడకన వెళ్ళినవారు ఎక్కువ దూరం పోలేకపోయారు.
* చిత్రంలో 50 మందిని ఒకేచోట మెషిన్‌గన్‌తో చంపినట్లు చూపారు. వాస్తవంలో గెస్టపో పోలీసులు వారిని ఒక్కొక్కరిగాను, చిన్న జట్లుగాను వేర్వేరు చోట్ల కాల్చి, పారిపోబోగా కాల్చినట్లు చెప్పారు.

చివరి తేడా గమనింపదగినది. ఒకేసారి జరిగినట్లు చూపిన హత్యాకాండ ఆవేశంలో జరిగిన పనిగా తోచవచ్చును. నిజానికి అవి పట్టిక వ్రాసి, ఆదేశాలు పంపి, రోజుల తరబడి అమలుచేసిన హత్యలు. యుద్ధానంతరం బ్రిటిష్ వైమానిక దళం దర్యాప్తు జరిపింది. 1947లో హాంబర్గులో నిందితుల విచారణ జరిగింది, పలువురికి మరణశిక్ష అమలైంది. చిత్రం ఈ భాగాన్ని స్పృశించలేదు. అయినా వినోదం మధ్య ఆ మృతులను విస్మరించలేదు. చిత్రాన్ని ఆ 50 మందికే అంకితం చేశారు.

ఆదరణ

చిత్రం ఘనవిజయం సాధించింది. మెక్వీన్‌కు 1963 మాస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి లభించింది. కూర్పరి ఫెరిస్ వెబ్‌స్టర్ ఆస్కార్‌కు ప్రతిపాదితుడయ్యాడు. బెర్న్‌స్టీన్ కూర్చిన కవాతు బాణీని ఇంగ్లండు ఫుట్‌బాల్ అభిమానులు తరువాతి కాలంలో మైదానాలలో వాయించసాగారు. బార్ట్‌లెట్‌గా నటించిన అటెన్‌బరో భారతీయులకు గాంధీ (1982) చిత్ర దర్శకునిగా సుపరిచితుడు.

తప్పించుకున్న 76 మందిలో చివరివాడైన డిక్ చర్చిల్ 2019లో మరణించాడు. దీనితో ఆ రాత్రి సొరంగం గుండా బయటపడినవారిలో ఎవరూ మిగలలేదు.